స్టీమ్ డెక్: దేనికి డబ్బు పెట్టాలి, ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి

స్టీమ్ డెక్ అంటే వాల్వ్ సంస్థ చేసిన, స్టీమ్ అనే దాని ఆన్‌లైన్ దుకాణంలోని కంప్యూటర్ ఆటలను చేతిలో పట్టుకుని ఆడే యంత్రం. అది చేతికొచ్చిన వారంలోనే ఆన్‌లైన్ బుట్టలో పది వస్తువులు చేరిపోతాయి. స్క్రీన్ గార్డు, సిలికాన్ కవరు, థంబ్ గ్రిప్పులు, డాక్, వెనక తగిలించే ఫ్యాను, ఇలా. వీటన్నిటిలో వాడకాన్ని నిజంగా మార్చేవి నిల్వ, చార్జింగ్ రెండే. మిగతావాటికి పెట్టే డబ్బుతో ఆటలు కొనుక్కోవడం మేలు. ఈ యంత్రం బలమంతా లోపలున్న లినక్స్‌లో ఉంది, దానికి పైసా ఖర్చు లేదు.

ముందు మీ దగ్గరున్నది ఏ మోడలో తేల్చుకోండి. వాల్వ్ సంస్థ 2022 ఫిబ్రవరిలో ఎల్‌సీడీ మోడల్ తెచ్చింది: 7 అంగుళాల తెర, 40 వాట్-అవర్ బ్యాటరీ. 2023 నవంబరులో వచ్చిన ఓఎల్‌ఈడీ మోడల్‌కి 7.4 అంగుళాల తెర, 50 వాట్-అవర్ బ్యాటరీ. ఒకదాని స్క్రీన్ గార్డు రెండోదానికి సరిపోదు. వెనక మరలు కూడా వేరు: ఎల్‌సీడీలో మామూలు ఫిలిప్స్ మరలు నేరుగా ప్లాస్టిక్‌లోకి దిగుతాయి, ఓఎల్‌ఈడీలో టోర్క్స్ టీ6 మరలు లోహపు గాడిలో కూర్చుంటాయి. మన దేశంలో వాల్వ్ దీన్ని నేరుగా అమ్మడం లేదు. ఇక్కడ ఉన్నవి దిగుమతిదారుల దగ్గర కొన్నవి, లేదా అమెరికా నుంచి మనవాళ్లు తెచ్చినవి. అంటే పాడైతే తీసుకెళ్లి ఇచ్చే అధికారిక కేంద్రం దగ్గర్లో లేనట్టే, అందుకే మరల సంగతి కూడా మనకు పనికొచ్చే సంగతే. అమెరికా నుంచి వచ్చిన చార్జర్‌కి రెండు చదును పిన్నులుంటాయి. అది 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి పిన్ను మార్చే అడాప్టర్ చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

నిల్వలో మొదటి మెట్టు మైక్రోఎస్‌డీ కార్డు. డెక్‌లోని స్లాట్ యూహెచ్‌ఎస్-1 రకం, సెకనుకు 100 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పెట్టె మీద 190, 200 అని రాసిన కార్డుల వేగం ఆ కంపెనీ సొంత రీడర్‌లోనే వస్తుంది, ఇందులో అవీ 100 దగ్గరే ఆగుతాయి. యూహెచ్‌ఎస్-2 కార్డు కొంటే దాని రెండో వరుస పిన్నులకు ఇక్కడ పనే ఉండదు. యూ3 (రాసే వేగం) గుర్తున్న, పేరున్న కంపెనీ 512 జీబీ కార్డు సరైన ఎంపిక. యాప్‌ల వేగానికిచ్చే ఏ1, ఏ2 గుర్తుల తేడాకి ఎక్కువ ధర పెట్టకండి. చిన్న ఆటలు, పాత ఆటలు, ఎమ్యులేటర్లు (పాత గేమ్ యంత్రాలను అనుకరించే సాఫ్ట్‌వేర్) కార్డు మీద హాయిగా నడుస్తాయి. పెద్ద ఓపెన్ వరల్డ్ ఆటలను మాత్రం లోపలి ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచండి, లేకపోతే కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడల్లా తెర తటపటాయిస్తుంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు నెట్ గీత సున్నాకి పడిపోయి డిస్క్ గీత పైనే ఉంటే, తప్పు మీ వైఫైది కాదు. వచ్చిన డేటాను విప్పి రాసే వేగం కార్డుకి లేదు.

నకిలీ కార్డుల బెడద మన ఆన్‌లైన్ అంగళ్లలో గట్టిగానే ఉంది. 512 జీబీ అని చూపించే నకిలీ కార్డులో అసలు ఉండేది 32 లేదా 64 జీబీ. అది నిండేదాకా అంతా బాగానే ఉంటుంది, ఆ తర్వాత కొత్త డేటా పాతదాని మీద పడుతుంది లేదా గాలిలో కలిసిపోతుంది. స్టీమ్‌లో అది డిస్క్ రైట్ ఎర్రర్‌గానో, ఫైళ్లు పాడయ్యాయన్న సందేశంగానో బయటపడుతుంది, అప్పటికి వాపసు గడువు దాటిపోవచ్చు. అందుకే కార్డు రాగానే డెక్‌లో పెట్టకుండా లినక్స్ కంప్యూటర్లో ఎఫ్3తో, విండోస్‌లో అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో పరీక్షించండి. కార్డు మొత్తం రాసి, మళ్లీ చదివి సరిచూస్తాయి. కొన్ని గంటలు పడుతుంది, అయినా వదలకూడని పని. పరీక్ష నెగ్గాకే డెక్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్ కొట్టండి. డెక్ దాన్ని ఈఎక్స్‌టీ4గా మారుస్తుంది, విండోస్ ఆ పద్ధతిని చదవలేదు. తర్వాత ఎప్పుడైనా విండోస్ కంప్యూటర్లో పెడితే ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. ఒప్పుకున్నారో, ఆటలన్నీ పోయినట్టే.

64 జీబీ ఎల్‌సీడీ మోడల్ కొన్నవాళ్లకు కార్డొక్కటే సరిపోదు. ఆటను కార్డు మీద పెట్టినా, దాని షేడర్ కాష్ (బొమ్మలు గీయడానికి ముందే సిద్ధం చేసి దాచిన ఫైళ్లు), ప్రోటాన్ (విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే పొర) సృష్టించే నకిలీ విండోస్ ఫోల్డర్ లోపలి నిల్వలోనే చేరతాయి. కొన్నాళ్లకు స్టోరేజ్ పేజీలో ‘అదర్’ అన్న గీత సగానికి పైగా నిండి కనిపిస్తుంది. శాశ్వతమైన మందు ఎస్‌ఎస్‌డీ మార్చడమే.

కొనాల్సింది ఎం.2 2230 పొడవు, చిప్పులు ఒకవైపే ఉన్న ఎన్‌వీఎంఈ డ్రైవ్. 2242 డ్రైవ్‌ని ఏదోలా పట్టించే చిట్కాలు తిరుగుతుంటాయి, వాటి జోలికి వెళ్లకండి. అది చల్లదనం కోసం పెట్టిన అమరికను కదిలిస్తుంది. లోపలి లింకు పీసీఐఈ 3 కాబట్టి జెన్ 4 డ్రైవ్ కొన్నా అదనపు వేగం రాదు, కరెంటు తక్కువ తాగేది చూసుకోండి. కోర్సెయిర్ ఎంపీ600 మినీ, సాబ్రెంట్ రాకెట్ 2230 ఈ కొలతకు వచ్చినవే.

మార్చే ముందు మైక్రోఎస్‌డీ కార్డు బయటికి తీయండి. ఇది అన్నిటికంటే ముఖ్యం: కార్డు లోపల ఉండగా వెనక మూత లాగితే కార్డు రెండు ముక్కలవుతుంది. తర్వాత డెక్ ఆపేసి, వాల్యూమ్ పెంచే బటన్ పట్టుకుని పవర్ నొక్కితే బయోస్ మెనూ వస్తుంది. సెటప్ యుటిలిటీలో పవర్ కింద బ్యాటరీ స్టోరేజ్ మోడ్ ఎంచుకుంటే బ్యాటరీ నిద్రలోకి వెళ్తుంది, మళ్లీ చార్జర్ పెట్టేదాకా లేవదు. వెనక ఎనిమిది మరలుంటాయి. పొడవువి, పొట్టివి ఎక్కడివక్కడే పెట్టుకోండి. ఎల్‌సీడీలో బిగించేటప్పుడు మరను ముందు వెనక్కి తిప్పి, పాత గాడిలో కూర్చున్నట్టు అనిపించాకే ముందుకు తిప్పాలి, లేకపోతే ప్లాస్టిక్ గాడి అరిగిపోతుంది. ఎల్‌సీడీలో లోపలి లోహపు కవచాన్ని పట్టే మరల్లో ఒకటి వెండి రంగు టేపు కింద దాగి ఉంటుంది. కవచం తీశాక బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఆ తర్వాతే ఎస్‌ఎస్‌డీ ముట్టుకోండి. పాత డ్రైవ్‌కి తొడిగిన రేకు తొడుగును జాగ్రత్తగా తీసి కొత్తదానికి తొడగాలి. అది రేడియో అలజడిని ఆపడానికి పెట్టింది, పారేయకండి. ఇక 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్‌లో వాల్వ్ ఇచ్చే రికవరీ ఇమేజ్ (సిస్టమ్‌ని మొదటినుంచి వేసే ఫైలు) రాసి, వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని పవర్ నొక్కి, దాన్నుంచి బూట్ చేసి రీఇమేజ్ చేస్తే సరి. మైక్రోఎస్‌డీలోని ఆటలను కొత్త సిస్టమ్ వెంటనే గుర్తుపడుతుంది. మిగతావాటిని మళ్లీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, ఇంట్లో స్టీమ్ ఉన్న కంప్యూటర్లో ఆ ఆట ఉంటే లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ దాన్ని వైఫై మీదుగానే తెచ్చేస్తుంది. నెట్ ప్యాక్‌లో పరిమితి ఉన్న ఇళ్లకు ఇది పెద్ద వరం.

చార్జింగ్ విషయానికొస్తే, డెక్‌కి కావాల్సింది యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతిలో 15 వోల్టులు, 3 ఆంపియర్లు, అంటే 45 వాట్లు. మన ఇళ్లలో వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ ఫోన్ల చార్జర్లు ఎక్కువ, వాటి మీద 65, 80 అని వాట్లు రాసి ఉంటాయి. ఆ అంకె ఆ కంపెనీ ఫోనుకి, ఆ కంపెనీ కేబుల్‌తోనే. డెక్‌కి పెడితే చాలావాటిలో 18 వాట్లో అంతకంటే తక్కువో వస్తుంది. బరువైన ఆట ఆడుతుంటే ఎల్‌సీడీ మోడల్ 20 నుంచి 25 వాట్లు లాగుతుంది, అందుకే చార్జర్ పెట్టి ఉన్నా బ్యాటరీ దిగుతూ పోతుంది. చార్జర్ మీది చిన్న అక్షరాల్లో 15వీ, 3ఏ అన్న వరుస ఉందో లేదో చూసి కొనండి. పవర్ బ్యాంకుకీ ఇదే సూత్రం. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్, మార్పిడి నష్టాలు పోను 60 దాకా చేతికొస్తుంది, ఓఎల్‌ఈడీని ఒకసారి నింపి కాస్త మిగులుతుంది. విమానంలో పవర్ బ్యాంకు చేతి సంచీలోనే ఉండాలి, 100 వాట్-అవర్ దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి.

ఎండాకాలం సంగతి విడిగా చెప్పుకోవాలి. డెక్ 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో బాగా పనిచేస్తుందని వాల్వ్ చెప్పింది. ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో ఆడేవాళ్లు ఆ 35 డిగ్రీల హద్దు రోజూ దాటుతారు. వెనక తగిలించే ఫ్యాను కొనే బదులు మూడు చుక్కల బటన్ నొక్కి, పెర్ఫార్మెన్స్ పేజీలో టీడీపీ (ప్రాసెసర్ వాడుకునే కరెంటు) పరిమితిని 15 నుంచి 8, 9 వాట్లకు దించి, సెకనుకు వచ్చే ఫ్రేములను 40కి కట్టేయండి. తెర రిఫ్రెష్ కూడా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, కాబట్టి 40 ఫ్రేములు నునుపుగానే కనిపిస్తాయి, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. ఈ మార్పును ఆ ఆటకే పరిమితం చేసే స్విచ్ అదే పేజీలో ఉంది, వాడుకోండి. సిలికాన్ కవరు వేస్తే వెనక గాలి పీల్చే జాలీ, పైన వేడి వదిలే సందు తెరిచి ఉన్నాయో లేదో చూడండి. పెట్టెతో పాటు గట్టి కేసు ఎలాగూ వస్తుంది కాబట్టి కవరు తప్పనిసరి కాదు. ఖరీదైన మోడళ్లలో వచ్చే మ్యాట్ గాజు మీద నిగనిగలాడే గార్డు అతికిస్తే, ఎక్కువ ధర పెట్టి కొన్న ఆ గుణం పోతుంది.

టీవీకి పెట్టేవాళ్లకే డాక్ అవసరం. వాల్వ్ డాక్ బాగుంటుంది గానీ హెచ్‌డీఎంఐ, పవర్ డెలివరీ ఉన్న మామూలు యూఎస్‌బీ-సీ హబ్ కూడా చాలు. చవక హబ్‌లు 4కే అని రాసి 30 హెర్ట్జ్ దగ్గరే ఆపేస్తాయి, ‘4కే 60’ అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. హబ్ కొన్ని వాట్లు తనే తినేస్తుంది, దానికి 65 వాట్ల చార్జర్ పెడితే డెక్‌కి నిండుగా అందుతుంది. టీవీలో బొమ్మ మసకగా ఉంటే చాలామంది కేబుల్‌ని తిడతారు. అసలు కారణం, ఆట ఇంకా 1280x800 లోనే నడుస్తుండటం. ఆట ప్రాపర్టీస్‌లో గేమ్ రిజల్యూషన్‌ని 1920x1080 చేయండి. పిక్సెళ్లు రెట్టింపవుతాయి కాబట్టి ఫ్రేములు తగ్గుతాయి, కొత్త ఆటలకు ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ పిక్సెళ్ల బొమ్మను పెద్దదిగా సర్దే పద్ధతి) తోడు కావాలి.

ఇక సాఫ్ట్‌వేర్. డెక్‌లోని సిస్టమ్ అయిన స్టీమ్ఓఎస్ 3ని ఆర్చ్ అనే లినక్స్ రకం మీద కట్టారు, డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మా. పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే డెస్క్‌టాప్‌కి మారే దారి కనిపిస్తుంది. స్టీమ్ బటన్, ఎక్స్ కలిపి నొక్కితే కీబోర్డ్ వస్తుంది. సిస్టమ్ భాగం రాయడానికి వీల్లేకుండా తాళం వేసి ఉంటుంది. రెండు ప్రతులుంటాయి, అప్‌డేట్ రెండో ప్రతిలోకి వచ్చి అక్కణ్నుంచి బూట్ అవుతుంది. ఆర్చ్ అలవాటున్నవాళ్లు తాళం తీసి ప్యాక్‌మ్యాన్‌తో (ఆర్చ్‌లో సాఫ్ట్‌వేర్ వేసే పనిముట్టు) ఏవేవో వేస్తారు, తర్వాతి అప్‌డేట్‌తో అవి మాయమవుతాయి. హోమ్ ఫోల్డర్‌లో ఉన్నదీ, డిస్కవర్ అనే యాప్ దుకాణం నుంచి ఫ్లాట్‌ప్యాక్‌గా (సిస్టమ్‌ని ముట్టుకోని యాప్ రకం) వేసినదీ మాత్రం నిలుస్తాయి. కమాండ్ లైన్ పనిముట్లు కావాలంటే స్టీమ్ఓఎస్ 3.5 నుంచి డిస్ట్రోబాక్స్ (విడి పెట్టెలో మరో లినక్స్ నడిపేది) అందులోనే వస్తోంది.

డిస్కవర్ నుంచి ముందుగా వేసుకోవాల్సినవి హీరోయిక్, ప్రోటాన్‌అప్-క్యూటీ, ఫ్లాట్‌సీల్. హీరోయిక్‌తో ఎపిక్, జీఓజీ అనే వేరే ఆట దుకాణాల ఖాతాల్లోని ఆటలు దిగుతాయి, ‘యాడ్ టు స్టీమ్’ నొక్కితే గేమ్ మోడ్‌లో కనిపిస్తాయి. ఆట తెరుచుకోగానే మూసుకుపోతున్నా, మధ్యలో వీడియోల చోట రంగుల పట్టీలు వస్తున్నా ప్రోటాన్‌అప్-క్యూటీతో జీఈ-ప్రోటాన్ (ప్రోటాన్‌కి బయటివాళ్లు చేసిన మరో కూర్పు) దించి, స్టీమ్‌ని ఒకసారి మూసి తెరిచి, ఆట ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద దాన్ని ఎంచుకోండి. ఆ వీడియోల సమస్యకు ఇది చాలాసార్లు పనిచేస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌కి మీ మైక్రోఎస్‌డీ కనిపించకపోతే అది యాప్ లోపం అనుకోకండి, అనుమతి లేదంతే. ఫ్లాట్‌సీల్‌లో ఆ యాప్ తెరిచి ఫైల్‌సిస్టమ్ విభాగంలో కార్డు దారి చేర్చితే చాలు.

గేమ్ మోడ్‌కి అదనపు ప్లగిన్లు చేర్చే డెకీ లోడర్ పేరు అందరూ చెబుతారు. దాని ప్లగిన్లు నిజంగానే బాగుంటాయి, కానీ స్టీమ్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ విరిగే అవకాశం ఉంది. గేమ్ మోడ్ నల్లగా ఉండిపోతే డెస్క్‌టాప్‌లోకి వెళ్లి కొత్త కూర్పు వేయాలి. దాని ఇన్‌స్టాలర్‌కి పాస్‌వర్డ్ కావాలి, డెక్‌లో మొదట అది ఉండదు. డెస్క్‌టాప్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో యూజర్స్ కింద పెట్టుకుని, ఎక్కడైనా రాసి దాచండి.

ఏ సాఫ్ట్‌వేర్ వేసినా ఆడలేని ఆటలున్నాయి, కొనేముందే తెలియాలి. వాలరెంట్ నడవదు, మోసగాళ్లను పట్టే దాని వాన్‌గార్డ్ సాఫ్ట్‌వేర్ విండోస్ కెర్నల్‌లో, అంటే సిస్టమ్ గుండెలో, కూర్చుంటుంది. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. జీటీఏ ఆన్‌లైన్ 2024 సెప్టెంబరులో, ఏపెక్స్ లెజెండ్స్ అదే ఏడాది అక్టోబరులో లినక్స్‌కి తలుపు మూశాయి. స్నేహితులతో ఆడేది ఇవే అయితే డెక్ మీకు కాదు. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 లినక్స్‌లోనే నేరుగా నడుస్తాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే డెస్క్‌టాప్‌లో ఇన్ఫో సెంటర్ తెరిచి ఎనర్జీ పేజీ చూడండి. ఎల్‌సీడీలో నిండు సామర్థ్యం 40కి బదులు 32 చూపిస్తే బ్యాటరీ ఐదో వంతు అరిగింది, ధర ఆమేరకు తగ్గించమనండి. బ్యాటరీని జిగురుతో గట్టిగా అంటించి ఉంటారు, దాన్ని మార్చడం ఎస్‌ఎస్‌డీ మార్చినంత తేలిక కాదు. కొన్నాక, ఎప్పుడూ డాక్‌లోనే ఉంచేవాళ్లయితే స్టీమ్ఓఎస్ 3.7 నుంచి వచ్చిన చార్జ్ పరిమితిని 80 శాతానికి పెట్టుకోండి.