స్టుట్‌గార్ట్‌లో పైకప్పు కింద ఎర్రమట్టి టెన్నిస్

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగే మహిళల టెన్నిస్ టోర్నీ పోర్షే టెన్నిస్ గ్రాండ్‌ప్రి ఫైనల్‌కి టికెట్ దొరకలేదని బెంగపడకండి. నన్నడిగితే బుధ, గురువారాల్లో వెళ్లడమే లాభం. టాప్ నాలుగు సీడ్లకు (ముందు వరస ర్యాంకు వాళ్లకు) మొదటి రౌండ్ బై, అంటే ఆడకుండానే రెండో రౌండ్‌కి వెళ్తారు కాబట్టి పెద్ద తారలు దిగేది అప్పుడే, పైగా మ్యాచ్ వెనక మ్యాచ్ నడుస్తూనే ఉంటుంది. ఫైనల్ రోజు టికెట్ ధర ఎక్కువ, చూసేది తక్కువ.

1978లో పక్కనున్న ఫిల్డర్‌స్టాట్‌లో మొదలైన ఈ టోర్నీ 2006లో పోర్షే అరీనాకు వచ్చింది. 2009 నుంచి హాల్లోనే ఎర్రమట్టి పరిచి ఆడిస్తున్నారు. గాలి, ఎండ గొడవ లేదు. కింది వరసల్లో కూర్చుంటే క్రీడాకారిణి జారుతూ ఆగేటప్పుడు బూటు కింద మట్టి గరగరలాడటం కూడా వినిపిస్తుంది. సెట్ అయ్యాక సిబ్బంది వలలాంటి చాపను లాగి మట్టిని చదును చేసి, తెల్ల గీతలను చీపురుతో ఊడుస్తారు. అయితే స్పిన్, కోణాలు అర్థం కావాలంటే పై వరసలే మేలు, డబ్బూ మిగులుతుంది.

సింగిల్స్ విజేతకు పోర్షే కారు ఇస్తారు. 2025లో సబలెంకాను ఓడించి ఒస్టాపెంకో పట్టుకెళ్లింది. మన సానియా మీర్జా 2013లో మాటెక్ శాండ్స్‌తో కలిసి ఇక్కడ డబుల్స్ ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. తమాషా ఏమిటంటే, పోర్షే అరీనా ఉన్నది మెర్సిడెస్ వీధిలో! మెర్సిడెస్ బెంజ్ మ్యూజియం కూడా నడిచి వెళ్లేంత దూరమే. సోమవారం మాత్రం సెలవు.

బస విషయానికొస్తే, అరీనా దగ్గర నేను దిగిన హోటల్ గది అగ్గిపెట్టెంత, రేటు మాత్రం ఆకాశంలో. టిఫిన్‌కి మళ్లీ వేరే బిల్లు. దగ్గర్లోని ఎస్లింగెన్ ఊళ్లో దిగడం నయం. ఎస్1 రైలెక్కితే నేరుగా అరీనా దగ్గరి నెకార్‌పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు. సాయంత్రాలు పాత కట్టె చట్రాల ఇళ్ల మధ్య తిరగడం అదనపు సుఖం. కారులో మాత్రం రావద్దు. పక్క మైదానంలో వసంత జాతర కూడా అప్పుడే పడిందంటే పార్కింగ్ టెన్షన్ చెప్పనలవి కాదు.

శాకాహారులు ఊళ్లో కేజ్‌ష్పెట్జ్‌లె అడగండి, చీజ్‌తో కలిపిన మెత్తటి పిండి ముక్కలు, పైన వేయించిన ఉల్లిపాయ. కారం ఆశించకండి. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది.