వంపు మీద ఇత్తడి హంస: అంబాసిడర్ డిక్కీ మీద ఐదేళ్లు నిలిచిన అతుకు

మా నాన్నగారు వాడిన అంబాసిడర్ ఇప్పుడు హనుమకొండలో నా దగ్గర ఉంది. దాని డిక్కీ మూత మీద పెంబర్తిలో చేయించిన ఇత్తడి హంసను త్రీఎం కంపెనీ వారి వీహెచ్‌బీ 5952 అనే రెండు వైపులా అంటుకునే నురుగు టేపుతో అతికించి ఐదేళ్లు నిండాయి. వరంగల్ కోట తోరణాల మీద ఉండే హంసను చూపించి చేయించుకున్న ఈ బొమ్మ వెడల్పు 12 సెంటీమీటర్లు, బరువు 210 గ్రాములు. ఈ ఐదేళ్లలో టేపు ఎలా పనిచేసిందో రాయాలని కూర్చున్నాను కానీ, టేపు కన్నా డిక్కీ వంపు గురించే ఎక్కువ రాయవలసి వస్తుంది. నేను పడ్డ కష్టమంతా అక్కడే ఉంది.

ముందుగా, రంధ్రాలు ఎందుకు వేయించలేదో చెప్పాలి. ఈ కారుకు మొదట ఉన్న లోహపు అక్షరాల వెనుక పిన్నులు ఉండేవి. అవి రేకులోని రంధ్రాల గుండా వెళ్లి లోపలి వైపు క్లిప్పులతో బిగిసి ఉండేవి. పెయింటు వేయించేటప్పుడు వాటిని విప్పితే ప్రతి రంధ్రం చుట్టూ రంగు కింద తుప్పు పొక్కులు కనిపించాయి. ఇనుప రేకుకు ఇత్తడి నేరుగా తగిలి, ఆ సందులో వాన నీరు నిలిస్తే తుప్పు మరింత త్వరగా పడుతుంది. అందుకే ఆ రంధ్రాలను వెల్డింగుతో మూయించి, మళ్లీ రేకును తొలవకూడదని నిశ్చయించుకున్నాను.

మొదటిసారి బజారులో దొరికిన పేరు లేని తెల్ల నురుగు టేపు వాడాను. రెండో వేసవిలో హంస ఊడి ఇంటి వాకిట్లోనే పడింది కాబట్టి దక్కింది. తీసి చూస్తే జిగురు ఎక్కడా విడిపోలేదు. నురుగే మధ్యకు చీలిపోయి సగం కారు మీద, సగం బొమ్మ వెనుక మిగిలింది. షెడ్డు వాళ్లు ఎపాక్సీ, అంటే రెండు పాళ్లు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు, పూయమన్నారు. అది గట్టిగానే పట్టుకుంటుంది కానీ, పెయింటు చెడకుండా మళ్లీ తీయడం అసాధ్యం. పైగా ఇత్తడి ఇనుము కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. తెల్లవారుజాము చలికీ మధ్యాహ్నపు ఎండకూ మధ్య రేకు వేడిలో 50 డిగ్రీల తేడా వస్తే, 12 సెంటీమీటర్ల పొడవులో ఈ రెండు లోహాల సాగుదలకు 0.04 మిల్లీమీటర్ల వ్యత్యాసం ఏర్పడుతుంది. వెంట్రుక మందం కూడా లేని ఈ కదలికను నురుగు తనలోనే సర్దుకుంటుంది. బిరుసైన జిగురుకు ఆ వెసులుబాటు లేదు.

ఇక వంపు సంగతి. అంబాసిడర్ డిక్కీ మూత పై నుంచి కిందికీ, ఎడమ నుంచి కుడికీ కూడా వంగి ఉంటుంది. బల్లపరుపుగా ఉన్న హంసను దాని మీద పెడితే నడుమ తగిలి, రెండు కొసలూ మూడేసి మిల్లీమీటర్లు పైకి లేచి ఉండేవి. టేపు మందం 1.1 మిల్లీమీటర్లు మాత్రమే. రెండు ఉపరితలాల మధ్య ఎడం ఎంత ఉంటే దానికి రెట్టింపు మందమైన టేపు కావాలన్నది ఈ పనిలో పాటించే లెక్క. ఆ ప్రకారం ఇది అర మిల్లీమీటరు ఎడాన్ని మాత్రమే పూడ్చగలదు. కొసలను బలవంతంగా అదిమి అతికిస్తే ఆ క్షణానికి అంటుకుంటాయి. కానీ వంగిన ఇత్తడి తన పూర్వపు ఆకారానికి రావాలని రాత్రింబవళ్లు కొసలను పైకి లాగుతూనే ఉంటుంది. డబ్బా మూతను ఒక అంచు నుంచి ఎత్తినంత సులువుగా ఆ లాగుడు టేపును విడదీస్తుంది. మొదటి టేపు చీలడానికి దాని నాసితనం ఎంత కారణమో ఈ లాగుడూ అంతే కారణమని నా నమ్మకం.

పెంబర్తి పనిలో ఇత్తడి రేకును వెనుక నుంచి కొట్టి బొమ్మను ముందుకు లేపుతారు కాబట్టి, హంస వెనుక వైపు గుల్లగా ఉండి అంచు మాత్రమే కారుకు ఆనుతుంది. టేపుకు చోటే లేదు. ఈ రెండు చిక్కులూ ఒకే ఉపాయంతో తీరాయి. హంసను మళ్లీ పెంబర్తి తీసుకెళ్తే, అక్కడి పనివారు దానిని కాచి మెత్తబరిచి, నేను డిక్కీ మీద కొలత పట్టి కత్తిరించుకున్న అట్టముక్క ప్రకారం చెక్క సుత్తితో వంచి ఇచ్చారు. తరువాత డిక్కీ మీద పల్చని పాలిథిన్ కాగితాన్ని ముడతలు లేకుండా పరిచి, గుల్లలో ఎం-సీల్ (పిండిలా పిసికి పెడితే గట్టిపడే ముద్ద) నింపి, హంసను దాని చోటులోనే పెట్టి అదిమి, రాత్రంతా కదలకుండా ఉంచాను. తెల్లవారి తీసి చూస్తే ఎం-సీల్ వెనుక వైపు డిక్కీ వంపు అచ్చు గుద్దినట్టు దిగి ఉంది. దానిని సన్న గరుకు కాగితంతో తేలికగా రుద్దాను. మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన ఘట్టం అదే.

అతికించే రోజున ఐసోప్రొపైల్ ఆల్కహాలునూ నీటినీ సమపాళ్లలో కలిపి రెండు వైపులా తుడిచాను. కిలో బరువుకు 55 చదరపు సెంటీమీటర్ల టేపు అని తయారీదారుల సూచన. ఆ లెక్కన నా హంసకు 12 చాలు, నేను 30 దాకా పరిచాను. ఈ టేపు 21 నుంచి 38 డిగ్రీల మధ్య బాగా పడుతుంది కనుక ఫిబ్రవరి నెలలో పొద్దెక్కాక పని పెట్టుకున్నాను. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి కావాలి, అంటే అరచేతితో ఒళ్లు బరువంతా మోపి అదమాలి. ఇరవై నిమిషాలకు సగం పట్టు, ఒక రోజుకు తొంభై శాతం, మూడు రోజులకు పూర్తి పట్టు వస్తుంది. ఆ మూడు రోజులూ కారు కదల్చలేదు, కడగలేదు.

ఎండ వల్ల ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. దీర్ఘకాలం 93 డిగ్రీల వేడిని తట్టుకుంటుందని చెబుతారు. మా ఊరి మే నెలలో డిక్కీ మీద చెయ్యి ఆనించలేకపోయిన రోజుల్లో కూడా హంస జారలేదు. దెబ్బ తగిలింది మాత్రం నీటి వల్ల. మూడో ఏట ఒక వాషింగ్ సెంటరులో నీటి గొట్టాన్ని జానెడు దూరంలో పెట్టి కొడితే తోక కొస దగ్గర నాలుగు మిల్లీమీటర్ల మేర అంచు లేచింది. లేచిన చోట దుమ్ము చేరితే మళ్లీ ఎంత అదిమినా అంటదు. ఆ సందులో సన్నని నల్ల గీత శాశ్వతంగా నిలిచిపోయింది. ఇత్తడి మెరుపు కోసం ఒకసారి చింతపండు రుద్దితే పులుసు కారి పెయింటు మీద చార పడింది, కాబట్టి ఇప్పుడు చుట్టూ కాగితపు టేపు అంటించి పాలిష్ చేస్తున్నాను.

కొనే ముందు ఆలోచించవలసిన విషయం పెయింటే. టేపు పట్టుకునేది పెయింటును, పెయింటు పట్టుకునేది రేకును. లప్పం మందంగా పట్టించిన బాడీ అయితే టేపు నిలిచినా పెయింటు పొరే లేచి రావచ్చు. నేను కొత్త పెయింటు ఆరాక నెల రోజులు ఆగాను. తీయవలసి వస్తే హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి, చేపలు పట్టే నైలాన్ దారాన్ని రంపంలా లాగాలి. నా స్నేహితుని కారుకు ఇదే టేపుతో అతికించిన పేరు పలకను అలాగే తీశాము. మిగిలిన జిగురు బొటనవేలితో రుద్దితే ఉండలుగా వచ్చేసింది, పెయింటుకు గీత పడలేదు.

ఏటా దసరా నాడు కారు కడిగి, పూజకు ముందు హంస చుట్టూ ఒక పోస్టుకార్డు అంచును దూర్చి చూస్తాను. తోక దగ్గర ఆ నాలుగు మిల్లీమీటర్లు తప్ప ఎక్కడా దూరదు. మొన్నటి దసరాకు కూడా అంతే ఉంది.