ఏఐ కోడింగ్ అసిస్టెంట్: మూడేళ్లు వాడాక

2022 జూన్‌లో కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్ గిట్‌హబ్ కోపైలట్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకే ఇలాంటి టూల్స్ వాడటం మొదలుపెట్టాను. మధ్యలో రెండు మూడు మార్చాను కూడా. నేను చేసేది జావాలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. పని నిజంగా తొందరగా అవుతోందా అని టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. కొన్ని పనులు అవుతున్నాయి, అన్నీ కాదు.

నాకు సరిగ్గా రాని చోట బాగా కలిసొచ్చింది. పైథాన్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష నాకు అంతంతమాత్రం. అయినా బ్యాంకు స్టేట్‌మెంట్ల సీఎస్‌వీ ఫైళ్లు సరిచూసే స్క్రిప్ట్ ఒకటి పొద్దున మొదలుపెడితే భోజనం వేళకి నడిచింది. ఒక్కడినే కూర్చుంటే రెండు రోజులు పట్టేది.

ఆరేళ్లుగా నా చేతిలో ఉన్న కోడ్‌లోనే దెబ్బ తిన్నాను. ఇన్వాయిస్‌లో జీఎస్‌టీ లెక్కించే మెథడ్ (ఆ పని చేసే కోడ్ ముక్క) రాయమని ఏఐని అడిగాను. చూడ్డానికి శుభ్రంగా ఉంది, ఆ కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులూ తనే రాసింది, అన్నీ పాసయ్యాయి. కానీ అది ఒక్కో వస్తువుకీ పన్ను రౌండ్ చేసి ఆ తర్వాత కూడింది. మా పద్ధతి మొత్తం మీద ఒక్కసారే రౌండ్ చేయడం. 18.52 రూపాయల వస్తువులు మూడు ఉంటే 18 శాతం పన్ను 10 రూపాయలు రావాలి, అది 9.99 చూపించింది. ఆ పైసా తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి రెండు రోజులు తల పట్టుకున్నాను. టెస్టులు కూడా అదే తప్పు లెక్కతో రాసినవి, ఇక అవెలా పట్టుకుంటాయి?

2025లో ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ అనుభవమున్న 16 మంది ఓపెన్‌సోర్స్ డెవలపర్లకు, వాళ్లకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే, 246 పనులిచ్చి చూసింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పనయ్యాక కూడా వాళ్లు మాత్రం 20 శాతం తొందరగా చేశామనే అనుకున్నారు! అది చదివి ఉలిక్కిపడ్డాను, నాదీ అదే భ్రమ కాబట్టి. ఆరు వారాలపాటు ప్రతి టికెట్‌కీ, అంటే నాకు అప్పగించిన ఒక్కో పనికీ, పట్టిన టైమ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పాత బిల్లింగ్ కోడ్‌లో నాకు మిగిలిందేమీ లేదు. టైపింగ్‌లో ఆదా అయిన సమయమంతా అది రాసింది చదివి సరిచూడటానికే పోయింది.

సబ్‌స్క్రిప్షన్ మాత్రం ఆపలేదు. డబ్బు లెక్కలున్న చోట ముందు టెస్టులు నేనే రాస్తాను, ఆ తర్వాతే దాన్ని కోడ్ అడుగుతాను. కొత్తవాళ్లకూ మొదటి వారంలోనే ఇది కూర్చోబెట్టి చూపిస్తున్నాను, ఆ 18.52 ఇన్వాయిస్‌తోనే.