కోటిపల్లి రైలుబస్సు: గేట్‌మేన్‌కి ఐదు స్టార్లు, టైముకి రెండు

కొబ్బరిచెట్లు, వరిచేలు, చివర్లో గోదారి గురించి ఇప్పటికే బోలెడు వీడియోలున్నాయి కాబట్టి వాటి జోలికి పోను. 2020 మార్చికి ముందు కాకినాడ–కోటిపల్లి లైన్లో తిరిగిన ఒక్క బోగీ రైలుబస్సులో నన్ను కట్టిపడేసింది గేట్లు వేసే పద్ధతి. పల్లెల రోడ్లు పట్టాలు దాటే చోట గేటుంటుంది గానీ మనిషి ఉండడు, ఎందుకంటే ఆ మనిషి రైల్లోనే మనతో పాటు వస్తుంటాడు. ఒక్క బోగీ బండి గేటు ముందు ఆగుతుంది, జెండా చంకలో పెట్టుకుని ఆయన దిగి, కింద నుంచి దూరబోయే బైకుల్ని నాలుగు కేకలేసి ఆపి గేటు వేస్తాడు. బండి రోడ్డు దాటి మళ్లీ ఆగుతుంది. గేటు తీసి పరిగెత్తుకొచ్చి ఎక్కుతాడు. మళ్లీ కాసేపటికి ఇంకో గేటు.

మొదట్లో విసుగొచ్చేది. ఓసారి మా బావమరిదిని కాకినాడ నుంచి ద్రాక్షారామం తీసుకెళ్తున్నాను, మా అత్తారిల్లు అక్కడే. స్టేషన్ కొచ్చాక పిండివంటల సంచి ఇంట్లో మర్చిపోయానని వెనక్కి పరిగెత్తాడు. బండి కదిలిపోయింది. నాకు టెన్షన్, ఫోన్లో వాడి అరుపులు, "బావా, చెయిన్ లాగండి బావా!" డ్రైవరు పక్కన నిలబడ్డ గేట్‌మేన్ అంతా విని తాపీగా, "కంగారెందుకండీ, బైకు మీద వచ్చేయమనండి, ఇంకా బోలెడు గేట్లున్నాయి, ఏదో ఒకచోట దొరికేస్తారు ఆయ్" అన్నాడు. నిజంగానే రెండు ఊళ్లు దాటాక ఓ గేటు దగ్గర, ఫ్రెండు బైకు వెనకాల సంచి ఒళ్లో పెట్టుకుని మా వాడు మాకంటే ముందొచ్చి నిలబడి ఉన్నాడు. గేటు వేసిన ఆయనే సంచి అందుకుని, వాణ్ణి ఎక్కించి, అప్పుడు జెండా ఊపాడు. బోగీలో వాళ్లంతా ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి నేనీ బండికి ఫ్యాన్‌ని.

అయితే రైలు కంటే బైకు ముందొచ్చిందంటే వేగం ఎంతో మీకీపాటికి అర్థమై ఉంటుంది. 45 కిలోమీటర్లకి రెండు గంటల పైనే. పైగా రోజుకి ఒక్క ట్రిప్పు, అదీ పొద్దున కాకినాడ నుంచి బయల్దేరడం. రామచంద్రపురం నుంచి కాకినాడ కాలేజీకి వెళ్లే పిల్లలకి అది ఎందుకు పనికొస్తుంది? వాళ్లకి బస్సే దిక్కు. మా మామగారిదీ అదే కోపం. 1928లో వేసిన లైను, 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు పీకేశారు. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉండగా పట్టుబట్టడం వల్ల మళ్లీ పనులు కదిలాయిగానీ, రైలు తిరగడం చూడకుండానే 2002లో ఆయన పోయారు. 2004లో లైను తెరిచారు. "పట్టాల్లేని గట్టు మీద నడిచి బడికెళ్లాం. 64 ఏళ్లు ఆగితే ఈ ఒక్క పెట్టె ఇచ్చారా?" అని మామగారు ఇప్పటికీ గొణుగుతారు. ఆయనన్నదీ నిజమే.

2020 మార్చిలో దేశంలో రైళ్లన్నీ ఆగినప్పుడు ఇదీ ఆగింది. అందుకని ఇదంతా అంతకుముందు నేను తిరిగిన రోజుల మాట. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా లైను పొడిగించే పని ఏళ్ల తరబడి సాగుతోంది, రేవు దగ్గర నిలబడితే గౌతమిలో వంతెన స్తంభాలు కనిపిస్తాయి. అది పూర్తయితే అవతలి ఒడ్డున ముక్తేశ్వరం వెళ్లడానికి పంటి (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం పడిగాపులు పడక్కర్లేదు. అసలైన రైళ్లు తిరగడం మొదలైతే ఇలా గేటుగేటుకీ ఆగడం కుదరదు, కుదరకూడదు కూడా. నాకు నచ్చిందంటే సెలవురోజుల్లో, అత్తారింట్లో భోజనం వేళకి చేరితే చాలనుకుని ఎక్కేవాణ్ణి కాబట్టి. రోజూ ఉద్యోగానికి ఇదే దిక్కయితే మాత్రం నేనూ రెండో వారానికే బైకు తీసేవాణ్ణి.