పోడు పట్టానా, ఊరి అడవి మీద హక్కా: ముందు ఏది అడగాలి?

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి తెలంగాణ ప్రభుత్వం సుమారు లక్షన్నర మంది ఆదివాసులకు నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూమికి పట్టాలు పంచింది. లెక్క కడితే మనిషికి మూడెకరాలు కూడా రావు. సరిహద్దు దాటితే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ మెంధా లేఖా అనే గోండుల ఊరు, జనం సుమారు 500 మంది. ఆ ఊరు 2009లో 1,800 హెక్టార్ల అడవి మీద, అంటే దాదాపు 4,450 ఎకరాల మీద, సామూహిక హక్కు తెచ్చుకుంది. ఆసిఫాబాద్ గోండుకు దొరికిందీ, గడ్చిరోలి గోండుకు దొరికిందీ ఒకే చట్టం కింద. అడిగిన ఫారమే వేరు.

2006 అటవీ హక్కుల చట్టం కింద ఒక గూడెం ప్రభుత్వాన్ని అడగగలిగే హక్కులు ముఖ్యంగా రెండు రకాలు. 'ఏ' ఫారం కుటుంబానిది. 2005 డిసెంబరు 13 నాటికే సాగు చేసుకుంటున్న పోడుకు, నాలుగు హెక్టార్లు మించకుండా, పట్టా ఇమ్మని అడగడం. మన దగ్గర ఆర్‌వోఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల గుర్తింపు) పట్టా అంటున్నది దీన్నే. 'బి', 'సి' ఫారాలు ఊరివి. ఇప్పపువ్వు, తేనె, వెదురు, మేత, చెరువులో చేపలు లాంటివి 'బి'లో అడుగుతారు. ఊరు తరతరాలుగా తిరిగిన, కాపాడుకుంటూ వచ్చిన అడవినంతా గ్రామసభే చూసుకునే హక్కు కావాలని 'సి'లో అడుగుతారు. నేను తిరిగిన గూడేల్లో 'ఏ' ఫారం గురించి పదో తరగతి పిల్లలు కూడా గుక్క తిప్పుకోకుండా చెబుతారు. 'సి' ఫారం అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

పట్టా విలువను తక్కువ చేసి మాట్లాడను. పోడు మీద బతికేవాడికి తొలకరి వస్తే సంతోషం కంటే టెన్షనే ఎక్కువ. విత్తనం వేశాక ఫారెస్ట్ వాళ్ళు వచ్చి ట్రెంచ్ కొడతారేమో, మొక్కలు నాటించి ఇది ప్లాంటేషన్ అంటారేమో, కేసు పెడతారేమో అని దినదిన గండం. చేతిలో పట్టా ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. రైతుకు వచ్చే పెట్టుబడి సాయం వస్తుంది. పెళ్ళయినవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మన రెవెన్యూ రికార్డుల్లో ఆడమనిషి పేరు ఎంత అరుదో తెలిసినవాళ్ళకు ఇది చిన్న విషయంగా కనిపించదు. ఇంకో మేలు కూడా ఉంది. 2013 భూసేకరణ చట్టం అటవీ హక్కు పొందినవాళ్ళను కూడా భూమి యజమానులుగానే లెక్కించింది. రేపు ప్రాజెక్టు పేరుతో ఊరు లేపినా, పట్టా ఉన్నవాడికి పరిహారం అడిగే దారి ఉంటుంది. కాగితం లేని పోడుదారుకు ఆ మాట అడగడమే కష్టం.

అయితే పట్టా ఎక్కడ ఆగిపోతుందో కూడా చూడాలి. అది దున్నిన చెక్కకే. గట్టు దాటి నాలుగు అడుగులు వేస్తే ఇప్పచెట్టు ఎవరిది, వాగు ఎవరిది, పశువులు మేసే దిబ్బ ఎవరిది అంటే పట్టా ఏమీ చెప్పదు. గిరిజన కుటుంబానికి ఏడాదంతా గడిచేది మూడెకరాల మీదే కాదు. వేసవిలో తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు, ఆ తర్వాత కరక్కాయ, తేనె, అడ్డాకులు, కొండచీపుర్లు. ఇందులో ఎక్కువ పని ఆడవాళ్ళదే. తెలంగాణలో తునికాకు యూనిట్లను ఇప్పటికీ అటవీ శాఖే వేలం వేస్తుంది, కాంట్రాక్టరు కల్లం పెడతాడు, యాభై ఆకుల కట్టకు ఇంత అని లెక్కగట్టి డబ్బిస్తాడు. ఆకు కోసిన ఊరికి ఆ ధర నిర్ణయించే చోట కుర్చీ లేదు. చట్టం మాత్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యమే ఇచ్చింది, వెదురునీ తునికాకునీ పేరు పెట్టి మరీ చెప్పింది. పట్టా ఒక్కటే అడిగి ఊరుకుంటే, మిగతా అడవంతా ఫారెస్ట్ వాళ్ళదేనని మనమే ఒప్పుకున్నట్టవుతుందని నా భయం.

పట్టాలో ఇంకో బలహీనత ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రతి కుటుంబం విడివిడిగా నిలబడాలి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరించిన వాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అదే నెల 28న ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. మధ్యలో ఆ రెండు వారాలు గూడేల్లో నిద్ర లేదు. ఒకే గట్టుకు అటువాడి క్లెయిము ఒప్పుకున్నారు, ఇటువాడిది కొట్టేశారు, ఎందుకు కొట్టేశారో రాసిన కాగితం చాలామంది చేతికి రానే లేదు. నిజానికి తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలని, దాని మీద 60 రోజుల్లో పై కమిటీకి వెళ్ళవచ్చని చట్టంలో ఉంది. కారణమే తెలియని మనిషి దేని మీద అప్పీలు చేస్తాడు?

ఇక మెంధా లేఖాకు వద్దాం. హక్కు కాగితం రాగానే అక్కడా పని అయిపోలేదు. వెదురు అమ్ముకుందామంటే రవాణా పర్మిట్లు ఇచ్చేది అటవీ శాఖ, అది ఇవ్వనంది. ఊరు పట్టు వదల్లేదు. 2011 ఏప్రిల్లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఆ ఊరికి వెళితే గానీ పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి రాలేదు. అప్పటి నుంచి వెదురు ఎప్పుడు కొట్టాలో, ఎంత కొట్టాలో, ఎవరికి ఏ ధరకు అమ్మాలో ఊరే కూర్చుని నిర్ణయించుకుంటోంది. ఆ ఊరి నినాదం చాలామంది విన్నదే: దిల్లీలో, ముంబైలో మా సర్కారు, మా ఊళ్ళో మేమే సర్కారు. అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం అన్న పద్ధతి వాళ్ళకు ఈ చట్టం రాకముందు నుంచే ఉంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కాగితం కంటే ముందు సభ ఉంది అక్కడ.

గనుల సంగతి వచ్చేసరికి రెంటి మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన పార్వతీపురం మన్యానికి ఎగువనే ఒడిశాలో నియంగిరి కొండలున్నాయి. అక్కడి బాక్సైట్ తవ్వకం మీద డోంగ్రియా కోందుల కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గ్రామసభలే తేల్చాలంది. జూలై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దనే అన్నాయి. కొండ నెత్తిన ఎవరూ పోడు కొట్టరు, అది నియమరాజు ఉండే చోటు. కుటుంబాల పట్టాలు మాత్రమే లెక్కలోకి తీసుకుని ఉంటే, ఆ కొండ నెత్తి ఎవరిదీ కాదని రాసేసి తవ్వుకుని ఉండేవాళ్ళు. దేవుడి మీదా కొండ మీదా ఊళ్ళకున్న సామూహిక హక్కే దాన్ని ఆపింది.

మనకు 1/70 భూబదలాయింపు చట్టం ఉంది కదా అని అడుగుతారు. ఉంది, దానికి దండం పెట్టాలి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నుంచి కాపలా కాస్తున్నది అదే. 1997లో సమత తీర్పు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది: ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదంది. కానీ తవ్వేది ప్రభుత్వ సంస్థ అయితే? 2015 నవంబరులో విశాఖ మన్యంలోని జర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అడవిని ఏపీ ఖనిజాభివృద్ధి సంస్థకు బాక్సైట్ కోసం ఇస్తూ 97 నంబరు జీవో వచ్చింది. మన్యం అంతా రోడ్డెక్కింది కాబట్టి దాన్ని పక్కన పెట్టారు, 2019లో రద్దయింది. అక్కడి గ్రామసభలన్నిటి చేతిలో అప్పటికే సామూహిక హక్కు పత్రాలు ఉండి ఉంటే, ఆ జీవో రాసేముందే చెయ్యి ఆగేదని నా నమ్మకం.

కేంద్రం 2022లో తెచ్చిన అటవీ సంరక్షణ నిబంధనలు ఈ బలాన్ని కొంత తగ్గించాయన్నది నిజం. అంతకుముందు అడవిని ప్రాజెక్టుకు ఇవ్వాలంటే గ్రామసభ అంగీకారం ముందే కావాలి. ఇప్పుడు కేంద్రం అనుమతి ఇచ్చేశాక, హక్కుల సంగతి రాష్ట్రం చూసుకోవాలన్నారు. ఇందుకైనా పత్రం ముందే చేతిలో ఉండాలి. హక్కు ఉందని అప్పటికప్పుడు నిరూపించుకునే టైం ఇక దొరకదు.

సామూహిక హక్కుతో కష్టాలు లేవని కాదు. ఒకే అడవిలో రెండు మూడు గూడేలు తిరుగుతాయి, హద్దు దగ్గర పేచీ వస్తుంది. గ్రామసభకు ఊళ్ళో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. కూలికి పోయే రోజుల్లో అది తేలిక పని కాదు. డబ్బు రావడం మొదలైతే లెక్కలు రాయాలి, రాసింది అందరి ముందూ చదవాలి. అడవి తగలబడితే, ఎవరో దుంగలు కొట్టుకుపోతే, అడిగే బాధ్యత కూడా ఊరిదే అవుతుంది. పట్టా వస్తే బీరువాలో పెట్టుకోవచ్చు. దీన్ని మాత్రం ప్రతి ఏడాదీ నడపాలి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, నాకు బాగా బాధ కలిగించేది ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామూహిక హక్కుల పేరుతో చాలా పత్రాలు ఇచ్చారు, కానీ వాటిని వన సంరక్షణ సమితుల పేర రాశారు. ఆ సమితులు అటవీ శాఖ కింద పనిచేసేవి. హక్కు గ్రామసభదని చట్టం అంత స్పష్టంగా చెబుతుంటే, అడవిని శాఖ కుడిచేతి నుంచి శాఖ ఎడమచేతికి మార్చి లెక్కల్లో సామూహిక హక్కు ఇచ్చామని చూపించారు. మీ ఊరికి ఇప్పటికే సామూహిక పత్రం వచ్చిందని ఎవరైనా అంటే, ముందు అది ఎవరి పేర ఉందో చూడండి. సమితి పేర ఉంటే గ్రామసభ పేర మళ్ళీ 'సి' ఫారం పెట్టాలి.

ఎవరికి ఏది మేలు అంటే జవాబు ఒకటే ఉండదు. నల్లమలలో చెంచులకైతే నాకు సందేహమే లేదు. తేనె, జిగురు, గడ్డలు, వేళ్ళ మీద బతికేవాళ్ళకు మూడెకరాల పట్టా ఇస్తే వాళ్ళ బతుకులో పదో వంతు కూడా దానిలో పట్టదు. 2019లో యురేనియం కోసం అన్వేషణ అన్నప్పుడు వాళ్ళు అడిగింది ఆ అడవినే. పైగా ఆదిమ తెగలు తాము తిరిగే ప్రాంతమంతటి మీదా ఆవాస హక్కు కోరే వీలు ఈ చట్టంలోనే ఉంది. చెంచులూ, కొండరెడ్లూ దాన్ని కూడా అడగాలి.

పోడు మీదే ఆధారపడ్డ కోయ, గోండు గూడేల్లో, ఈ ఏడు ట్రెంచ్ పడబోతున్న కుటుంబానికి 'ఏ' ఫారమే ముందు. ఆకలి మీద ఉన్నవాడిని ఊరి హక్కు వచ్చేదాకా ఆగమనడం అన్యాయం. కానీ ఊళ్ళో చాలామందికి పట్టాలు వచ్చేసి ఉంటే, మిగిలిన ఇద్దరు ముగ్గురి కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగడం కంటే, 'సి' ఫారంతో పాటే వాళ్ళ క్లెయిములు కూడా గ్రామసభ తీర్మానంలో పెట్టి పంపడం మంచిది. అప్పుడు ఆ ముగ్గురి వెనక ఊరు ఉంటుంది. సామూహిక క్లెయిముకు కనీసం రెండు ఆధారాలు చూపాలి. పాత పటాలు, అటవీ శాఖ సొంత రికార్డులు పనికొస్తాయి, పెద్దల వాంగ్మూలం కూడా పనికొస్తుంది. బొందలగడ్డ, పాత బావి, దేవర గట్టు, ఊరు మారిన చోట మిగిలిపోయిన రోళ్ళు, ఇవన్నీ ఆధారాలే.

అందుకే హద్దులు తిరిగే పని మాఘంలోనో ఫాల్గుణంలోనో పెట్టుకోవాలి. ఆకు రాలి ఉంటుంది, రాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. ఫోన్లో జీపీఎస్ ఆన్ చేసే కుర్రాళ్ళు ఇద్దరు చాలు. పక్క గూడెం పెద్దలను కూడా పిలిచి, ఏ వాగు దాకా ఎవరిదో అక్కడికక్కడే ఒప్పుకుని సంతకాలు పెట్టించుకోవాలి. బీట్ ఆఫీసరుకు ముందే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, రాకపోతే రాలేదని రాసుకోవాలి. ఊళ్ళో ఎనభై దాటిన ముసలాయన ఎవరైనా ఉంటే ఆయన నడవలేకపోయినా సరే, ఎడ్లబండి వెళ్ళినంత దూరం బండి మీద తీసుకెళ్ళండి. అక్కడి నుంచి ఆయన చెయ్యి చూపించి చెబుతాడు, మీరు రాసుకోండి.