పత్రికల మీద తెలుగు బైబిలు తరగతి, మారతహళ్లి: పాఠాలు సగమే, చర్చకు వెళ్లాలి

బెంగళూరు మారతహళ్లిలో ఒక తెలుగు సహవాసం కొత్త నిబంధన పత్రికల (తొలి సంఘాలకు, విశ్వాసులకు అపొస్తలులు రాసిన ఉత్తరాల) మీద నడుపుతున్న తరగతికి చేరినవారికి ముద్రిత పాఠాలు ఇంటికి వస్తాయి. ఆదివారం ఆరాధన ముగిశాక ఆ పాఠం మీద చర్చ ఉంటుంది. పాఠాలు మాత్రమే తీసుకున్నా చాలునని నిర్వాహకులు అంటున్నారు గాని, నేను ఆ సలహా ఇవ్వను.

ఈ విడత అంశం, అపొస్తలులు ఉత్తరం రాయడాన్నీ ఎదుటపడి మాట్లాడడాన్నీ ఎలా చూశారన్నది. రాయవలసినది చాలా ఉన్నా ముఖాముఖిగా మాట్లాడాలనే ఆశతో ముగిసే యోహాను రెండవ, మూడవ పత్రికలను, గలతీయుల మధ్యకు వచ్చి స్వరం మార్చి మాట్లాడాలన్న పౌలు కోరికను (4:20) చూపి, ఉత్తరం కంటే సన్నిధే మేలని పాఠం తేల్చేసింది. ఎంచుకున్న వచనాలు సరైనవే, తీర్పులోనే తొందరపాటు ఉంది. కొరింథుకు తాను వస్తే మళ్లీ దుఃఖమే కలుగుతుందని ప్రయాణం మానుకుని, పౌలు కన్నీళ్లతో ఉత్తరం రాసిన సంగతి రెండవ కొరింథీయుల 1:23 నుండి 2:4 వరకు స్పష్టంగా ఉంది. ఆయన పత్రికలు ఘనమైనవే గాని మనిషి ఎదుట ఉంటే బలహీనుడన్న విమర్శ అదే పత్రికలో 10:10లో కనిపిస్తుంది. పాఠంలో ఈ రెండింటి ప్రస్తావనే లేదు.

చర్చలో ఒక పెద్దావిడ సరిగ్గా ఇదే అడిగితే, అయ్యగారు జవాబుకు బదులు ఫిలేమోను పత్రిక 25 వచనాలనూ ఆపకుండా బిగ్గరగా చదివించారు. ఫిలేమోను దాసుడైన ఒనేసిమును అతని దగ్గరికే తిప్పి పంపుతూ రాసిన ఆ ఉత్తరంలో, ఒనేసిము అప్పు ఏదైనా ఉంటే నేనే తీరుస్తానని పౌలు స్వహస్తంతో రాసిన మాట, కాస్త తర్వాత నాకు బస సిద్ధం చేయమన్న మాట వరుసగా చెవిన పడ్డాయి. రాత, దానితో వచ్చిన మనిషి, వెనుక రాబోయే మనిషి కలిసి ఒకే పని చేస్తున్నారని అందరికీ అర్థమైంది. తమ పత్రికను లవొదికయ సంఘంలోనూ చదివించమని కొలొస్సయులకు చెప్పిన మాటను (4:16) కూడా ఆయన అక్కడే కలిపారు. ఆ కాలంలో చాలామందికి ఉత్తరం అంటే సభలో మరొకరి గొంతులో విన్నదేనన్న ఈ వివరణ ముద్రిత పాఠంలో ఉండవలసింది.

అక్షరాలు మరీ చిన్నవి, పాఠం ఒక్కోసారి చర్చ అయ్యాక అందుతుంది. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని ఇక్కడి పిల్లలు దానిని తెరవరు, చర్చలో మాత్రం బాగానే ప్రశ్నలు వేస్తున్నారు. వారి కోసం పాఠాన్ని చదివి వాట్సాప్‌లో పంపమని అడిగాను. వచ్చే విడతలో చూస్తామన్నారు.