ద్రాస్ దాకా బండ్ల మీద: కార్గిల్ స్మారకానికి జట్టుగా వెళ్ళేవారికి

జూలై 26, కార్గిల్ విజయ్ దివస్ నాటికే, లడఖ్‌లో యుద్ధ స్మారకం ఉన్న ద్రాస్ చేరాలని చాలా జట్లు తేదీ ఖాయం చేసుకుని మోటార్‌సైకిళ్ళ మీద బయల్దేరతాయి. మా సలహా వేరు. వీలైతే 28 తర్వాత చేరండి. 25, 26 తేదీల్లో స్మారకం దగ్గర సైన్యం కార్యక్రమాలు, ముఖ్య అతిథుల రాకపోకలు ఉంటాయి. మామూలు సందర్శకులకు నిదానంగా చూసే వీలు తక్కువ. పైగా ద్రాస్‌లో ఉన్నవి కాసిని హోటళ్ళు, హోమ్‌స్టేలు. ఆ రాత్రులు ఆ గదులు అమరుల కుటుంబాలకూ, ఆ కొండల మీద పోరాడిన మాజీ సైనికులకూ దక్కాలి. వాళ్ళ గౌరవార్థం వెళ్తూ వాళ్ళకు గది లేకుండా చేయడం సబబు కాదు. 26నే ఉండి తీరాలంటే, 60 కిలోమీటర్ల అవతల కార్గిల్ ఊళ్ళో దిగండి. అక్కడ గదులూ ఎక్కువే, మెకానిక్కులూ దొరుకుతారు.

జట్టుకు ఎనిమిది బండ్లు చాలు. కార్గిల్ యుద్ధానికి 25 ఏళ్ళు నిండిన సందర్భంగా 2024లో సైన్యం దిన్జాన్, ద్వారక, ధనుష్కోటి నుంచి ద్రాస్‌కు పంపిన మూడు జట్లలోనూ ఎనిమిదేసి బండ్లే. అంతకు మించితే బంకులో అరగంట, టీ దగ్గర గంట పోతుంది. ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి వెనకవాళ్ళు వేగం పెంచుతారు. ప్రమాదాలు అక్కడే. ఇరవై మంది ఉంటే మూడు జట్లు చేసి, పావుగంట తేడాతో వదలండి. హైవే మీద ఒకరు లేన్‌లో కుడివైపు, తర్వాతివారు ఎడమవైపు. నేరుగా ముందున్న బండికి కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలి. ఘాట్‌లో ఒకటే వరస. మెకానిక్ పని తెలిసినవాళ్ళు అందరికన్నా వెనక రావాలి, ఎందుకంటే ఆగిపోయిన బండి ఎప్పుడూ వాళ్ళ ముందే ఉంటుంది. క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ళు, ట్యూబులు, చైన్ లింకు, లివర్లు వాళ్ళ దగ్గరే ఉంచండి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి బండి రైల్లో పంపేవారు ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీయించాలి. ఆర్‌సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు కావాలి. అద్దాలు విప్పేసి, హెడ్‌లైటుకూ ట్యాంకుకూ ప్యాకింగ్ మందంగా వేయించండి. మీరెక్కిన రైల్లోనే బండి వస్తుందన్న భరోసా లేదు కాబట్టి రెండు మూడు రోజులు ముందే బుక్ చేయాలి.

చెనాని-నాష్రీ, బనిహాల్-ఖాజీగుండ్ సొరంగాలు వచ్చాక జమ్మూ-శ్రీనగర్ దారి చాలా తేలికైంది. రాంబన్ దగ్గర మాత్రం వాన పడితే రాళ్ళు జారుతాయి, దారి మూస్తారు. జూలైలో అమర్‌నాథ్ యాత్ర కూడా ఉంటుంది. యాత్రికుల కాన్వాయ్ వేళల్లో మిగతా బండ్లను ఆపేస్తారు కనుక ట్రాఫిక్ పోలీసుల ప్రకటన ముందురోజు రాత్రే చూసుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, జట్టులో కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

శ్రీనగర్‌లో హౌస్‌బోటు అందమైనదే గానీ బండివాళ్ళకు పనికిరాదు. సామాను శికారాలో మోయాలి, బండ్లు రాత్రంతా రోడ్డు మీదే ఉంటాయి. రాజ్‌బాగ్ వైపు ఆవరణలో పార్కింగ్ ఉన్న గెస్ట్‌హౌస్ మేలు. జోజిలా ఎక్కే ముందు ఆగే ఊరు సోనామార్గ్‌లో యాత్ర రోజుల్లో గదుల ధరలు మండిపోతాయి. కంగన్ వైపు దిగితే చవక, కాకపోతే తెల్లవారుజామున ఇంకా ముందే లేవాలి. ట్యాంకు శ్రీనగర్‌లో నింపితే కార్గిల్ దాకా, సుమారు 200 కిలోమీటర్లు, నిశ్చింత.

అసలు పరీక్ష సోనామార్గ్‌కూ ద్రాస్‌కూ మధ్య ఉన్న జోజిలా కనుమ. ఎత్తు 3,528 మీటర్లు. మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్ళు దారి మీదికి వస్తాయి, లారీల చక్రాలకు అది బురదగా మారి లోతైన గాడులు పడతాయి. అందుకే పొద్దున్నే ఎక్కాలి. పైకీ కిందికీ విడివిడిగా వదిలే వేళలుంటాయి, అవి సోనామార్గ్‌లోనే కనుక్కోండి. బురదలో చాలామంది భయంతో హాఫ్ క్లచ్‌లో లాగిస్తారు. పల్చటి గాలిలో ఇంజిన్ బలం ఎలాగూ తగ్గుతుంది, దానికి ఇది తోడైతే పది నిమిషాల్లో క్లచ్ ప్లేట్లు కాలిన వాసన వస్తుంది. ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, ఒకే తీరుగా యాక్సిలరేటర్ ఇవ్వాలి. ముందు బ్రేకు ముట్టుకోవద్దు. లారీ పక్క నుంచి లోయ వైపు వెళ్ళవద్దు, ఆగినా సరే కొండవైపే ఆగండి. దిగాక చైన్ కడిగి నూనె పెట్టండి.

మాజీ సైనికులను వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళే జట్లకు ఒక మాట. వీపుకు ఆనుకునే బ్యాక్‌రెస్ట్ బిగించండి, గంటకోసారి ఆపండి, వెంట ఒక టెంపో ట్రావెలర్ ఉంచండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు ఎత్తుకు వెళ్ళొచ్చో లేదో డాక్టరే చెప్పాలి. జోజిలా మీద వారిని వాహనంలో ఎక్కించి, ద్రాస్ దాటాక మళ్ళీ బండి మీదికి తేవడం మంచిది. స్మారకం అక్కడికి అయిదారు కిలోమీటర్లే. ఆ చివరి దూరం వాళ్ళు బండి మీదే రావాలి.

గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. రేసింగ్, హారన్లు వద్దు, సైనికుల యూనిఫాం పోలిన దుస్తులు వద్దు, డ్రోన్ అసలే వద్దు. పుష్పగుచ్ఛం ఉంచాలంటే ముందుగా అక్కడి సిబ్బందిని అడగండి. గోడ మీది పేర్లు నిదానంగా చదవండి. 1999 జూన్ 28న నేలకొరిగిన మన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య, మహావీర్ చక్ర, రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్. ఆ బెటాలియన్ గెలిచిన తోలోలింగ్ సరిగ్గా స్మారకం వెనకే ఉంటుంది. సైనికులు శిఖరాలు చూపిస్తూ యుద్ధం చెబుతారు, మ్యూజియం కూడా ఉంది. రెండు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు. ఆ రోజే సోనామార్గ్ తిరిగి వెళ్ళాలనుకుంటే మాత్రం జోజిలా వదిలే వేళ కనుక్కున్నాకే లోపలికి వెళ్ళండి.